సూత్రం మన చేతిలో... శబరి మన ఇంటిలో

సంక్రాంతికో, శరన్నవరాత్రులకో తెలుగు లోగిళ్ళలో బొమ్మల కొలువు తీర్చడం తరతరాల ఆచారం. మెట్ల మీద దశావతారాలు, శ్రీరామ పట్టాభిషేకం, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, కొండపల్లి ఏనుగు అంబారీ కనులపండువగా కొలువుదీరుతాయి. పేరంటాళ్ళు వస్తారు, హారతులిస్తారు, శనగలూ తాంబూలమూ అందుకొని వెళతారు. ఆ మెట్ల దగ్గర నిలబడ్డ పసివాడు మాత్రం అడిగేది ఒక్కటే: "ఈ బొమ్మ కదులుతుందా?" మనం చెప్పేదీ ఒక్కటే: "ముట్టుకోకు నాన్నా, విరిగిపోతుంది."

ఆ సమాధానంలో దోషం లేదు. కొలువు బొమ్మ దర్శనం కోసం ఉద్దేశించినది. అయితే, ముట్టుకోదగిన బొమ్మ, ఆడించదగిన బొమ్మ, రామకథను తానే నడిపిస్తున్నానన్న తృప్తిని పిల్లవానికిచ్చే బొమ్మ కూడా మన సంప్రదాయంలో ఉంది. అదే సూత్రపు బొమ్మ. దారాలతో ఆడించే ఈ బొమ్మను పాత వార్తాపత్రికలు, చిరిగిన నూలు చీర, చీపురు పుల్లలు, గుప్పెడు ఇసుకతో మీ ఇంటిలోనే చేసుకోవచ్చు. ఎలా చేసుకోవాలో, చేస్తున్నప్పుడు పిల్లలకు ఏమి చెప్పాలో ఈ వారం తెలుసుకుందాం.

దారానికున్న గౌరవం

దారం మనకు సామాన్యమైన వస్తువు కాదు. యజ్ఞోపవీతం దారమే, మాంగల్యసూత్రం దారమే, కంకణం దారమే. బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయంలో జనక మహారాజు సభ జరుగుతుంది. ఆ సభలో ఉద్దాలక ఆరుణి లేచి యాజ్ఞవల్క్య మహర్షిని ఒక ప్రశ్న అడుగుతాడు. ఈ లోకాన్నీ, పరలోకాన్నీ, సమస్త భూతాలనూ కూర్చి ఉంచిన ఆ సూత్రం ఏదో నీవెరుగుదువా అన్నది ఆ ప్రశ్న. వాయువే ఆ సూత్రమని యాజ్ఞవల్క్యుడు బదులిస్తాడు. అందుచేతనే మనిషి మరణించినప్పుడు అతని అవయవాలు సడలిపోయాయని లోకులు అంటారని కూడా వివరిస్తాడు. ఊపిరి అనే దారం ఉన్నంతకాలమే ఈ దేహం కూర్చిన దండలా నిలిచి ఉంటుందన్నమాట. దారం వదలగానే ఒక్కసారిగా నేలకు ఒరిగే బొమ్మను చూసిన బాలునికి ఈ ఉపనిషత్ ప్రసంగాన్ని వేరుగా బోధించనక్కరలేదు.

నాటకాన్ని నడిపించేవానికి సంస్కృతంలో సూత్రధారుడని పేరు. సూత్రాన్ని ధరించినవాడని దాని అర్థం. ఈ మాటను ఆధారం చేసుకొని, మన దేశంలో నాటకం కంటే ముందే బొమ్మలాట పుట్టి ఉంటుందని జర్మన్ పండితుడు పిషెల్ ప్రతిపాదించాడు. రంగస్థలాన్ని కొలిచే తాడు కారణంగా ఆ పేరు వచ్చిందని మరికొందరు పండితులంటారు. భరతముని నాట్యశాస్త్రం రెండవ అధ్యాయంలో ఆ కొలతాడు ప్రస్తావన ఉంది. ప్రత్తితోనో, ముంజగడ్డితోనో, నారతోనో తెగకుండా ఉండే తాడును సిద్ధం చేసుకోవాలని, కొలిచే సమయంలో అది తెగితే అశుభమని ముని హెచ్చరించాడు. ఏ అర్థం తీసుకున్నా దారాన్ని పట్టుకున్నవానికి బాధ్యత ఉందన్నదే సారాంశం. మన భాషలోనూ ఈ కళ ప్రాచీనమైనదే. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల ప్రస్తావన కనిపిస్తుంది.

ఏ బొమ్మను ఎంచుకోవాలి?

సూత్రపు బొమ్మలు దేశంలో పలుచోట్ల పలురీతుల్లో ఉన్నాయి. కర్ణాటకలో గొంబెయాట బొమ్మలకు భుజాలు, మోచేతులు, తుంటి, మోకాళ్ళ వద్ద కీళ్ళుంటాయి. వాటిని 5 నుంచి 7 దారాలతో ఆడిస్తారు. తమిళనాట బొమ్మలాట్టంలో కళాకారుడు తలపై ఇనుప చుట్టు ధరించి, దానికి కట్టిన దారాలతో బొమ్మ బరువును మోస్తాడు. రాజస్థాన్ కఠ్‌పుత్లీలకు, ఒడిశా కుంఢెయి బొమ్మలకు కాళ్ళుండవు. నేలను తాకే పొడవైన పావడాయే వాటి నడక. తెలుగునాట తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి ఎక్కువ. అయితే అది తెరపై పడే నీడల ఆట, దారాల ఆట కాదు. తెలంగాణలో కొయ్యబొమ్మలాట ఆడించే కళాకారులు కూడా ఉన్నారు.

మొదటిసారి చేసేవారు కాళ్ళు లేని పద్ధతినే ఎంచుకోవడం ఉత్తమం. చీర కుచ్చెళ్ళు నేలను తాకుతూ ఉంటే బొమ్మ నడుస్తున్నట్టే కనిపిస్తుంది. కాళ్ళకు దారాలు కట్టే శ్రమ తప్పుతుంది.

ఇక పాత్ర ఎవరు? పిల్లలు వెంటనే హనుమంతుణ్ణి చేద్దామంటారు. సముద్రాన్ని లంఘించే హనుమంతుణ్ణి ఆడించడానికి చేయి తిరిగి ఉండాలి. మొదటి బొమ్మగా శబరిని చేయండి. ఆమె వృద్ధురాలు. మెల్లగా నడుస్తుంది, వంగి నమస్కరిస్తుంది, చేయి చాచి పండు సమర్పిస్తుంది. ఆ మూడు కదలికలు వస్తే కథ పూర్తవుతుంది. అలవాటు లేని చేతిలో దారం వణికితే మరే పాత్రకైనా అది లోపంగా కనబడుతుంది. శబరి విషయంలో అది వయోభారంగా, భక్తి పారవశ్యంగా భాసిస్తుంది. ఆరేళ్ళ పిల్ల ఆడించినా చూసేవారి కళ్ళు చెమర్చే పాత్ర అది.

సమకూర్చుకోవలసినవి

పాత వార్తాపత్రికలు నాలుగైదు తీసుకోండి. దేవతామూర్తుల చిత్రాలున్న పుటలను మాత్రం పక్కన పెట్టండి. వ్యాపార వార్తల పుటలు చాలు. మైదాపిండితో ఇంట్లో కాచిన లై, ఉతికి మెత్తబడిన పాత నూలు గుడ్డ, కొంచెం దూది, కొబ్బరి పీచు, రెండు చీపురు పుల్లల కట్టలు, గుప్పెడు జల్లించిన ఇసుక, నాలుగు పాత గుండీలు, సన్నని తీగ, గట్టి నూలుదారం, సూది, దబ్బనం, కత్తెర, నీటిరంగులు, రెండు చెక్క స్కేళ్ళు ఉంటే సరిపోతుంది. అట్ట కావలసిన చోట చెప్పుల పెట్టె అట్ట వాడకండి. భగవత్ కథకు ఉపయోగించే వస్తువు కదా! బొమ్మ బరువు కోసం కొందరు బియ్యం నింపుతారు. అది కూడదు. పురుగు పడుతుంది, పైగా అన్నాన్ని ఆటవస్తువు చేసినట్టవుతుంది. ఇసుక చాలు.

చేసే విధానం

ముందుగా తల. దళసరి కాగితాన్ని చూపుడువేలి లావున గొట్టంలా చుట్టి, రెండంగుళాల పొడవున కత్తిరించండి. అదే మెడ. దాని పైకొనపై పత్రికను నలిపి పెద్ద నిమ్మకాయంత ఉండగా చుట్టి దారంతో బిగించండి. మెడ గొట్టం సగం బయటకు కనిపిస్తూ ఉండాలి. చెవులుండవలసిన చోట రెండు వైపులా సన్నని తీగను చిన్న ఉంగరంలా వంచి లోపలికి గుచ్చండి. తర్వాత తల దారాలు కట్టేది ఈ ఉంగరాలకే. బొమ్మ బరువంతా వీటిపైనే పడుతుంది కనుక తీగ చివరలను లోపల వంచి గట్టి చేయడం మరవకండి.

ఇప్పుడు పత్రికను వేలెడు వెడల్పు పీలికలుగా చింపి, లైలో ముంచి, ఉంగరాలు మూసుకుపోకుండా తలపై అతికించండి. చింపాలే గాని కత్తిరించకూడదు. చింపిన అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కత్తిరించిన అంచులు గీతల్లా లేచి ఉంటాయి. ఒక పొర వేశాక నీడన పూర్తిగా ఆరనిచ్చి మరో పొర వేయండి. నాలుగు పొరలు చాలు. చివరి పొర తెల్లకాగితంతో వేస్తే రంగు చక్కగా పడుతుంది. ముక్కు, బుగ్గలు, గడ్డం కోసం నానిన కాగితాన్ని లైతో ముద్దగా నూరి అద్దండి. కొండపల్లి కళాకారులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో తమ బొమ్మలకు అవయవాలు అతుకుతారు. మనం కాగితపు ముద్దతో చేస్తున్నదీ అటువంటి పనే. తొందరపడి ఎండలో పెడితే తల బీటలు వారుతుంది. రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. ఎదురుచూపుకు మారుపేరైన శబరి బొమ్మను చేస్తూ ఆమాత్రం ఎదురుచూడలేమా?

తరువాత భుజాలు. మూడంగుళాల చీపురు పుల్లల కట్టను మెడ గొట్టానికి అడ్డంగా గుచ్చి, దారంతో కట్టి, పైన లై పీలికలు చుట్టండి. దేహం కోసం ఐదంగుళాల గుడ్డ సంచి కుట్టి, పై సగంలో దూది నింపండి. నడుము దగ్గర అడ్డంగా ఒక కుట్టు వేయండి. ఆ కుట్టే నడుము కీలు. శబరి వంగేది అక్కడే. కింది సగంలో ఇసుక పోసిన చిన్న మూట పెట్టి మూతి కుట్టేయండి. బరువు లేని బొమ్మ దారం లాగినప్పుడు గాలిపటంలా కొట్టుకుంటుంది. బరువున్న బొమ్మ నిలబడుతుంది. ఈ సంచిని భుజాల కట్టకు గట్టిగా కుట్టండి.

చేతులు గుడ్డ గొట్టాలు. మూడంగుళాల పొడవున కుట్టి, పలుచగా దూది నింపి, మోచేయి దగ్గర అడ్డంగా ఒక కుట్టు వేస్తే అక్కడ సులువుగా మడుస్తుంది. అరచేయిని అట్టతో కత్తిరించి, రెండు పొరల మధ్య ఒక గుండీ పెట్టి అతికించండి. గుండీ బరువు లేకపోతే పైకెత్తిన చేయి కిందికి దిగదు.

ఇక అలంకారం. వాల్మీకి మహర్షి శబరిని జడలు కట్టిన కేశాలతో, నారచీర, కృష్ణాజినం ధరించిన తాపసిగా వర్ణించాడు. కనుక పట్టుచీర కట్టవద్దు. తెల్లని నూలు గుడ్డను చిక్కని టీ డికాక్షనులో ఒక పూట నానబెట్టి ఆరేస్తే నారచీర రంగు వస్తుంది. జుట్టుకు కొబ్బరి పీచు సరిగ్గా సరిపోతుంది. చీర అంచు లోపల అక్కడక్కడ సన్నని ఇసుక మూటలు కుట్టండి, నడిచేటప్పుడు చీర ఎగరదు. కళ్ళు మాత్రం అన్నిటికంటే చివర గీయండి. ఆమె చూపు కొంచెం పైకి, వచ్చేవారి ముఖం వైపు ఉండాలి. చేతిలో ఎండుటాకుతో చిన్న దొన్నె, దానిలో నాలుగు ఎర్రపూసలు కుట్టండి. అవే పండ్లు. తయారైన బొమ్మ జానెడున్నర ఎత్తుంటుంది.

దారాలు కట్టడం

పట్టుచెక్క లేనిదే సూత్రపు బొమ్మ ఆడదు. తొమ్మిది అంగుళాల స్కేలు ముక్కను ముందువెనుకలుగా ఉంచి, దాని నడుమ ఐదంగుళాల ముక్కను అడ్డంగా కట్టండి. అడ్డచెక్క రెండు కొనల నుంచి రెండు దారాలు చెవుల వద్ద ఉంగరాలకు వెళతాయి. పొడవు చెక్క వెనుక కొన నుంచి ఒక దారం నడుము కుట్టుకు దిగువన వెనుకవైపు కుట్టాలి. ముందు కొనకు చిన్న ఉంగరం కట్టి, దానిలోంచి ఒకే దారాన్ని దూర్చి రెండు చివరలను రెండు మణికట్లకు ముడివేయండి.

బొమ్మ నేలపై నిలబడి ఉండగా, ఆడించే పిల్లవాని చేయి మోచేతి వద్ద వంగి ఉన్నంత ఎత్తులో పట్టుచెక్క ఉండాలి. ముందు తల దారాలు కట్టి బొమ్మను నిలబెట్టండి. తరువాత నడుము దారం, చివరగా చేతి దారం కట్టండి. తల దారాలు బిగువుగా ఉండాలి, చేతి దారం కొంచెం వదులుగా ఉండాలి. మొదట జారుముడులు వేసి, ఆడించి చూసి, సరిపోయాక ముడి బిగించి చుక్క లై అద్దండి. నైలాను దారం మెలిపడి తిరుగుతుంది. నల్లని గట్టి నూలుదారమే మేలు.

పట్టుచెక్క ముందు భాగాన్ని కిందికి వంచితే నడుము దారం బిగుసుకొని, తల దిగి, శబరి వంగి నమస్కరిస్తుంది. రెండవ చేతితో ముందున్న దారంలో ఒక పాయను పైకి తీస్తే ఆ చేయి పండు అందిస్తుంది. రెండు పాయలూ కలిపి ఎత్తితే రెండు చేతులూ లేస్తాయి. ఆట మొదలుపెట్టే ముందు ఒక్క సాధన చేయించండి. బొమ్మను కదిలించకుండా నిలబెట్టి ఉంచమనండి. కదిలించడం కంటే నిలపడమే కష్టమని పిల్లలు తామే తెలుసుకుంటారు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కాగితం, దూది, నూలు అన్నీ నిప్పు అంటుకునేవే. కనుక దీపారాధన కుందులకు, హారతి పళ్ళేనికి దూరంగా ఆడించండి. వెలుతురుకు విద్యుద్దీపం పెట్టండి. అలాగే పొడవైన దారాలు పసిపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. ఆట కాగానే దారాలను పట్టుచెక్కకు చుట్టి, శుభ్రమైన సంచిలో పెట్టి, ఎత్తున తగిలించండి.

కథ నడపడం

రాముని బొమ్మ కూడా ఇదే కొలతలతో చేయండి. రెండు తల దారాలు, ఒక చేతి దారం చాలు. లక్ష్మణస్వామిని వీలైతే చేయండి. రెండు కుర్చీల మధ్య నడుము ఎత్తున ముదురు రంగు దుప్పటి కట్టి, పిల్లలు దాని వెనుక నిలబడి బొమ్మలను ముందువైపు ఆడించవచ్చు. పిల్లలు కనబడుతున్నారని చింతించకండి. కథ మాత్రం నాయనమ్మో, తాతయ్యో చెప్పాలి. బొమ్మ పిల్లల చేతిలో, మాట పెద్దల నోటిలో ఉంటే ఇంటిలో రెండు తరాలు ఒకే కథలో నిలుస్తాయి.

అరణ్యకాండలో కబంధుడు శాపవిముక్తుడై రామలక్ష్మణులకు పంపాతీరాన ఉన్న మతంగాశ్రమాన్ని, అక్కడి శబరిని గురించి చెబుతాడు. సోదరులు పంపకు పశ్చిమ తీరాన ఉన్న ఆ ఆశ్రమానికి వస్తారు. శబరి లేచి చేతులు జోడించి వారి పాదాలకు మొక్కుతుంది. అప్పుడు ముందుగా కుశలమడిగినది రాముడే. విఘ్నాలు తొలగాయా, తపస్సు సాగుతున్నదా, కోపాన్ని, ఆహారాన్ని నియమించుకోగలిగావా అని ఆమెను ప్రశ్నిస్తాడు. చక్రవర్తి కుమారుడు అడవిలోని వృద్ధురాలి యోగక్షేమాలు విచారించే ఈ ఘట్టంలో రాముని బొమ్మ తలను కొంచెం వంచి ఉంచమని చెప్పండి.

గురువులు వెళుతూ, రాముడు వస్తాడని, ఆతిథ్యమివ్వమని చెప్పిన మాటను పట్టుకొని ఆమె నిరీక్షించింది. ఆయన కోసం పంపాతీరపు వనంలోని ఫలాదులను సేకరించి ఉంచింది. పండ్లను రుచి చూసి తియ్యనివే ఏరి ఇచ్చిందన్న ప్రసిద్ధమైన ఘట్టం వాల్మీకంలో లేదు. తరువాతి భక్తి సంప్రదాయం ప్రేమతో చెప్పుకున్నది. పిల్లలకు రెండూ చెప్పండి. ఆదికవి చెప్పినది ఇది, భక్తులు మనసుతో చూసినది అది అని తెలియజేస్తే రెండింటిపైనా గౌరవం నిలుస్తుంది.

"మనమూ బొమ్మలమేనా?"

ఆట అయ్యాక ఏదో ఒకనాడు పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. "దేవుడే మనల్ని ఆడిస్తాడు కదా తాతయ్యా, మరి నేను తప్పు చేస్తే నా తప్పెలా అవుతుంది?" దీనికి "ఊరుకో" అన్నది సమాధానం కాదు. మన గ్రంథాలు ఈ ప్రశ్నను దాచిపెట్టలేదు.

అరణ్యపర్వంలో ద్వైతవనాన ద్రౌపదీదేవి దుఃఖం పట్టలేక, ఆడించేవాని చేతిలో కొయ్యబొమ్మ అవయవాలు కదిలినట్టు ప్రాణులు ఈశ్వరుని చేతిలో కదులుతున్నారని, పసివాడు బొమ్మలతో ఆడినట్టు ఆయన మనతో ఆడుతున్నాడని ధర్మరాజుతో అంటుంది. ధర్మరాజు ఆమెను కసరలేదు. నీ మాట అందంగా ఉన్నదిగాని నాస్తికంగా ఉన్నదన్నాడు. తాను ఫలం కోరి ధర్మం చేయడం లేదని, ఇవ్వవలసినది కనుక ఇస్తున్నానని, చేయవలసినది కనుక చేస్తున్నానని చెప్పాడు. కొయ్యబొమ్మ ఎన్నడూ అనలేని మాట అది. భాగవతం షష్ఠస్కంధంలో వృత్రాసురుడు కూడా ఇంద్రునితో, ప్రాణులు కొయ్యబొమ్మల వలె ఈశ్వరాధీనులని అంటాడు. అతడు దానిని యుద్ధం మానడానికి సాకుగా వాడుకోలేదు. జయాపజయాలలో సమంగా ఉండడానికి ఆధారంగా చేసుకున్నాడు.

భగవద్గీత 18వ అధ్యాయం 61వ శ్లోకంలో ఈశ్వరుడు సర్వప్రాణుల హృదయాలలో ఉండి, యంత్రంపై ఎక్కించినట్టుగా వారిని మాయచే తిప్పుతున్నాడని శ్రీకృష్ణుడు ఉపదేశించాడు. మరుసటి శ్లోకంలో ఆయననే శరణు పొందమన్నాడు. ఆ వెంటనే 63వ శ్లోకంలో, ఇదంతా చక్కగా విమర్శించుకొని నీకు ఎలా తోస్తే అలా చేయమని అర్జునునికే నిర్ణయాన్ని వదిలాడు. మొదటి మాట ఒక్కటే విని ఆగిపోతే మనిషి సోమరి అవుతాడు. మూడింటినీ కలిపి వినాలి.

మీ ఇంటి పిల్లవానికి దీనిని ఇలా చెప్పవచ్చు: "నాన్నా, ఈ బొమ్మకు నీవు రావాలని తెలియదు. నీ కోసం ఎదురుచూడదు. శబరి ఎదురుచూసింది. ఆమెను ఎవరూ లాగలేదు. గురువుగారి మాటను తానే పట్టుకుంది. దేవుడు మనకు ఊపిరి అనే దారం ఇచ్చాడు. దానితోపాటు ఆలోచన కూడా ఇచ్చాడు. బొమ్మ చేయి ఎవరినైనా కొడితే తప్పు బొమ్మది కాదు, దారం పట్టుకున్న నీది. నీ చేతి దారం నీ దగ్గరే ఉంది." బొమ్మను స్వయంగా ఆడించిన పిల్లవానికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. వినోదాన్ని కూర్చొని చూడడానికే అలవాటుపడిన పిల్లలకు ఇంత సులువుగా అందదు.

కళాకారులను మరువరాదు

ఇంటి బొమ్మ ఎంత ముచ్చటగా వచ్చినా అది వృత్తి కళాకారుల బొమ్మకు సాటి రాదు. నిమ్మలకుంటలో తరతరాలుగా తోలుబొమ్మలు చేస్తున్న కుటుంబాలున్నాయి. అనంతపురం జిల్లాలో ఉండిన ఆ గ్రామం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారిని 2020లో పద్మశ్రీ వరించింది. రాత్రంతా రామాయణ భారతాలు ఆడిన చోట ప్రేక్షకులు తగ్గడంతో, అదే తోలుతో దీపాల గొడుగులు, గోడ అలంకారాలు చేసి జీవనం సాగించే పరిస్థితి వచ్చింది. ఇంటిలో ఒక్క బొమ్మను నిలబెట్టడానికి ఎంత శ్రమో తెలిసిన పిల్లలు వారి ఆటను చూసే తీరు వేరుగా ఉంటుంది. ఎక్కడైనా ప్రదర్శన జరుగుతోందని తెలిస్తే పిల్లలను తీసుకువెళ్ళండి. మీ గుడిలో ఉత్సవం జరిపే పెద్దలైతే శ్రీరామనవమికి ఒక రాత్రి బొమ్మలాటకు కేటాయించండి.

ఈ ఆదివారమే ఆరంభించండి

ఇంటిలో చేసుకున్న ఈ బొమ్మ పూజామూర్తి కాదు. దీనికి ప్రతిష్ఠ లేదు, నైవేద్యం లేదు. అలాగని కాళ్ళకు అడ్డుపడేలా పారవేయదగినదీ కాదు. కథ చెప్పే ముందు చేతులు కడుక్కోవడం, వినాయకునికి నమస్కరించడం, ఆట ముగిశాక మంగళం పాడడం అలవాటు చేయండి.

ఈరోజు తల చుట్టి మొదటి పొర వేయండి. బుధవారానికి పొరలు పూర్తవుతాయి. శుక్రవారానికి రంగు ఆరుతుంది. శనివారం చీర కట్టి దారాలు ముడివేయండి. వచ్చే ఆదివారం సాయంత్రం దీపారాధన అయ్యాక, దీపానికి దూరంగా దుప్పటి కట్టి, ఇంటిల్లిపాదినీ పిలవండి. పక్కింటివారి పిల్లలనూ పిలవండి. పెద్దవారు కథ ఎత్తుకోండి. దారం మాత్రం ఇంటిలో అందరికంటే చిన్నవారి చేతికివ్వండి. శబరి చేయి వణుకుతుంది. వణకనివ్వండి. పండు రాముని చేతికి చేరేదాకా ఎవరూ తొందరపెట్టకండి.